అడిగితే తీస్తాను

ఆ ఎండాకాలం నేను ఐదు బొమ్మలు చేశాను. మొదటి నాలుగింటి సంగతి ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఐదోది మాత్రం మా కాలేజీ మెట్లెక్కగానే ఎడమవైపు గూట్లో ఇప్పటికీ ఉంది. సిమెంటు చెయ్యి. కొత్తగా చేరిన పిల్లలు దాని వేళ్ల మధ్య పెన్నులు దూర్చి పెడుతుంటారట.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. శిల్పం చదువుతున్నాను. మూడో ఏడు ఒక పరీక్ష తప్పాను. తప్పినవాళ్లకి కాలేజీ ఒక్క అవకాశమిచ్చింది. సెలవుల్లో ఐదు వేరువేరు పదార్థాలతో ఐదు బొమ్మలు చేసి, కాలేజీ తెరిచిన రోజున తెచ్చి చూపించాలి. నచ్చితే నాలుగో ఏడు, నచ్చకపోతే ఇంటికి.

ఇల్లంటే లాండ్రీ. కింద కొట్టు, వెనక ఉతుకు గది, పైన మేముండే రెండు గదులు. అమ్మ ఉతికేది, బట్టలకి చీటీలు కుట్టేది. నాన్న ఇస్త్రీ చేసేవాడు. నేను తప్పానని తెలిసిన వారానికే ఆయన ఇంకో ఇస్త్రీ బల్ల చేయించి తన బల్ల పక్కన వేశాడు. దాని మీద మడత నలగని దుప్పటి పరిచి, కొత్త ఇస్త్రీపెట్టె పెట్టాడు. నేను సంచీలతో గుమ్మంలో అడుగు పెట్టగానే దాన్ని చూపించాడు.

"రండి మహాశిల్పిగారూ, మీ సింహాసనం," అన్నాడు.

కొట్లో ఉన్న ఇద్దరు బేరగాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. ఆయన నోటికీ నా పొగరుకీ పుట్టుకతోనే పడదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం ఆయన. నేను ఆయన కూతుర్ని, నా కుందేలుకి రెండే. అమ్మ మా ఇద్దరి మధ్యా తడి బట్టలు పట్టుకుని అటూ ఇటూ తిరిగేది, మా మాటలు తనకి తగలకుండా.

నాన్న వేళ్ల గురించి ముందే చెప్పాలి. ఇస్త్రీపెట్టెకి వేడి తగ్గించే మీట ఒకటి ఉంటుంది కదా, దాన్ని ఆయన జన్మలో నమ్మలేదు. కుడిచేతి చూపుడువేలు నాలిక మీద తడిపి, పెట్టె అడుగున ఆనించి చూసేవాడు. పట్టుకి ఇంత, నూలుకి ఇంత, ఉన్నికి ఇంత అని ఆ వేలే చెప్పేది. ముప్ఫై ఏళ్లు అలా ఆనించీ ఆనించీ చూపుడువేలు, నడిమివేలు కొసలు నున్నగా అరిగిపోయాయి. వేలిముద్ర వేయమంటే ఒక్క గీత కూడా పడేది కాదు. వేడి విషయంలో మా ఇంట్లో ఆయన మాటే మాట. అన్నం గిన్నెని గుడ్డ లేకుండా పట్టుకుని దించేవాడు, మేం చూడాలని.

మొదటి బొమ్మ సబ్బుతో చేశాను. ఉతుకు గదిలో మోచేతి పొడుగు సబ్బు దిమ్మలుండేవి. ఒకదాన్ని పైకి తీసుకెళ్లి వంటింటి కత్తితో అమ్మ తల చెక్కాను. ముక్కు బాగా వచ్చింది. ఆ ముక్కు కోసం రెండు రోజులు కూర్చున్నాను. మూడోరోజు పొద్దున కిందికి దిగేసరికి నాన్న దాన్ని కాలర్ల మీద రుద్దుతున్నాడు. ముక్కు లేదు, గడ్డం సగం లేదు.

"మురికి బానే వదులుతోంది. మీ అమ్మ తల ఇన్నాళ్లకి ఒక పనికొచ్చింది," అన్నాడు.

అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వుకి నాకు ఏడుపొచ్చింది. మళ్లీ ఇంకో దిమ్మ తీసుకుని చెక్కాను. ఈసారి మంచం కింద దాచాను.

రెండోది హ్యాంగర్ల తీగతో కుక్క. దాని నడుం మీద ఆయన ఎవరిదో ప్యాంటు ఆరేశాడు. మూడోది బట్టల జేబుల్లో, మడతల్లో దొరికే నూగుతో, జిగురు కలిపి చేసిన పిచ్చుక. దాన్ని చూసి తుమ్మాడు, అంతే. పిచ్చుక బతికింది.

నాలుగోది చొక్కా. గంజి గట్టిగా పట్టించిన చొక్కాని మనిషి లేకుండా మనిషిలా కూర్చోబెట్టాలని నా ఆలోచన. మోచేతులు మోకాళ్ల మీద ఆనించుకుని, వంగి, అలిసిపోయి కూర్చున్న చొక్కా. కొట్లో ఏళ్ల తరబడి ఎవరూ తీసుకెళ్లని బట్టల మూట ఒకటుండేది. అందులోంచి ఒక నీలం చొక్కా తీశాను. నాలుగుసార్లు గంజిలో ముంచి, కుర్చీ మీద ఆరబెట్టి, చేతుల లోపల కాగితం కుక్కి పైకి లేపాను. నిజంగా బాగా కుదిరింది. మొదటిసారి నేను చేసిన వస్తువు ముందు నేనే పని మరిచి కూర్చున్నాను.

ఆ చొక్కా తాలూకు మనిషి సరిగ్గా ఆ వారమే వచ్చాడు. రెండేళ్లు ఆసుపత్రిలో ఉన్నాడట. చీటీ కూడా దాచుకున్నాడు. నాన్న పైకొచ్చి, ఆ చొక్కాని అది కూర్చున్న పళంగానే ఎత్తి, కిందికి మోసుకెళ్లి బేరగాళ్లందరి ముందు బల్ల మీద కూర్చోబెట్టాడు. నన్ను పిలిచాడు. నేను చేసిన పని ఏమిటో నా నోటితోనే ఆ మనిషికి చెప్పించాడు. క్షమించమని అడిగించాడు. గట్టిగా వినపడలేదని రెండోసారి అడిగించాడు. పాపం ఆ మనిషే సిగ్గుపడి, పోనివ్వండి, ఆడపిల్ల, అన్నాడు. నాన్న పోనివ్వలేదు. ఆ చొక్కాని తొట్లో వేసి నా చేతనే కడిగించి, కొత్త బల్ల దగ్గర నిలబెట్టి నా చేతనే ఇస్త్రీ చేయించాడు. నా నాలుగోబొమ్మని నేనే చదును చేశాను.

ఆ పూట అన్నం తినకుండా పడుకుని ఒకటే అనుకున్నాను. ఈయన నన్ను ఒక్కసారి అడగాలి. ఏదైనా సరే, బతిమాలుతూ అడగాలి. నా పెదవుల దాకా వచ్చిన శాపాల్లో అదే చిన్నది, అయినా అదే తీరలేదు.

నాలుగో బొమ్మని నాన్న పాత చొక్కాతో మళ్లీ చేశాను. అంతబాగా కుదరలేదు. ఇక మిగిలింది ఐదోది. ఐదోది మా మాస్టారు పెట్టిన షరతు: బతికున్న మనిషి ఒంటి మీంచి తీసిన అచ్చులో సిమెంటు పోయాలి. నేను తప్పిన పరీక్షలో నేను చెయ్యలేకపోయింది అదే.

పని చెప్పుకుంటే తేలిక. చేతికి వాజలిన్ పూసి, చేతి అంచు వెంట చుట్టూ ఒక గట్టి దారం ఆనించి, మీద నీళ్లలో కలిపిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయాలి. అది పెరుగులా తోడుకునే సమయం ఒకటొస్తుంది. సరిగ్గా అప్పుడు దారం కొస పట్టి లాగితే అచ్చు రెండు చెక్కలుగా తెగుతుంది. ముందు లాగితే కోత మళ్లీ కలిసిపోతుంది. ఆలస్యమైతే దారం కదలదు. మాస్టారు ఇంకో మాట కూడా చెప్పారు. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, ఎంత మందంగా పోస్తే అంత ఎక్కుతుంది, వేడి అని మనిషి అన్న మరుక్షణం పగలగొట్టెయ్యాలి, అచ్చు సంగతి తరవాత. ఆ మాటలు నా నోటు పుస్తకంలో ఉన్నాయి. కింద గీత కూడా గీసుకున్నాను.

కాలేజీ నుంచి తెచ్చుకున్న ప్లాస్టర్ ఒక్క బస్తా. కొట్లో ఆవిరి తగిలి అందులో సగం గడ్డకట్టింది. జల్లించగా ఒక్కసారికి సరిపడా మిగిలింది. మా ఊళ్లో అది దొరకదు. గడువు ఎనిమిది రోజులుంది. సిమెంటు ఆరడానికే ఐదు రోజులు పడుతుంది.

అమ్మ తన చెయ్యి ఇస్తానంది. నాకొద్దు, నాన్నదే కావాలన్నాను. ఎందుకని అడిగితే, అరిగిన వేళ్లు సిమెంటులో బాగుంటాయని చెప్పాను. అది అబద్ధం కాదు. మొత్తం నిజం కూడా కాదు.

నాన్న ఒప్పుకోడనుకున్నాను. ఆయన, "ఎంతసేపు?" అని మాత్రం అడిగాడు. మర్నాడు మధ్యాహ్నం బేరం పలచబడ్డాక పైకొచ్చాడు. స్నానం చేశాడు. గోళ్లు బ్రష్షుతో తోముకున్నాడు. తెల్ల చొక్కా వేసుకుని కుడి చెయ్యి మోచేతి దాకా మడత పెట్టుకున్నాడు, ఎక్కడికో పెళ్లికెళుతున్నట్టు. నేను అది చూశాను. చూసి, కుర్చీ చూపించాను.

సబ్బుపొడి డబ్బాని సగానికి కోసి తొట్టిలా చేశాను. ఇస్త్రీపెట్టె పిడి పట్టుకున్నట్టు వేళ్లు వంచమన్నాను. దారం పెట్టి, ప్లాస్టర్ కలిపి పోశాను. రెండు వేళ్ల మందం చాలు. నేను డబ్బా నిండా పోశాను. మళ్లీ అవకాశం రాదని, ఎక్కడా పలచబడకూడదని.

"కొంచెం వేడెక్కుతుంది," అన్నాను.

"ఎవరికి చెబుతున్నావే?" అన్నాడు నాన్న.

కాసేపు మంచిగానే గడిచింది. తరవాత ఆయన గోడవార వరసగా పెట్టిన నా నాలుగు బొమ్మలనీ చూశాడు. సబ్బు తల బాగుందన్నాడు. ఆ మాటతో ఆపితే ఈ కథ ఉండేది కాదు. "ఇవన్నీ చూసి వాళ్లు నిన్ను పాస్ చేస్తారా? పిచ్చిదానా, బల్ల ఊరికే చేయించానా?" అన్నాడు. నేను ఊరుకోవాలి. ఊరుకోలేదు. ఊరి చెమట వాసన పీలుస్తూ నీలా ఆ బల్ల దగ్గర చావనన్నాను. ఆ చెమట వాసనే నీ కాలేజీ అన్నాడు. అమ్మని ముసలిదాన్ని చేసింది నువ్వే అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆవిరి తగిలిన ప్లాస్టర్ తొందరగా తోడుకుంటుందని నాకు తెలుసు, కానీ నోరు నడుస్తుంటే చెయ్యి ఆగిపోయింది. గుర్తొచ్చి దారం పట్టి లాగేసరికి అది అంగుళం కదిలి తెగిపోయింది.

నాన్న చెయ్యి ఒక తెల్ల బండలో ఉండిపోయింది.

అప్పుడే పగలగొడితే పొడిపొడి అవుతుంది. పూర్తిగా గట్టిపడ్డాక ఉలితో కొడితే పెద్ద పెద్ద పెచ్చులుగా విడుతుంది, వాటిని అతికించుకోవచ్చు. ఇంకో అరగంట ఉండాలని ఆయనతో చెప్పాను. సరేనన్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. కింద అమ్మ ఎవరితోనో చీటీ పోయిందేమో చూడమని చెబుతోంది. 

పది నిమిషాలయ్యాక, "ఎక్కుతోంది," అన్నాడు.

"చెప్పానుగా."

ఇంకాసేపటికి, "బాగా ఎక్కుతోంది," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

"తియ్యమని అడుగు నాన్నా. అడిగితే తీస్తాను," అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. నేనేం అడుగుతున్నానో ఆయనకి అర్థమైంది. ఆ చొక్కా రోజు ఇద్దరికీ గుర్తుంది.

"నీ సుద్దముక్క వేడికి నేనడగాలా?" అన్నాడు.

ఉలి, సుత్తి నా ఒళ్లో ఉన్నాయి. ఆయన మొహంలో ఏమీ లేదు. కానీ కాళ్లకి చెప్పుల్లేవు. ఆయన కాలివేళ్లు ముడుచుకుని నేలని గీరుతున్నాయి. ఒకసారి ముడుచుకుని, విడి, మళ్లీ ముడుచుకుంటున్నాయి. నేను అది చూశాను. చూసి, తలెత్తి గోడ గడియారం చూశాను. ఇంకా పన్నెండు నిమిషాలుంది.

పన్నెండు నిమిషాలూ కూర్చున్నాను.

ఉలితో కొడితే బండ నేను అనుకున్నట్టే ఐదు పెచ్చులుగా విడింది. లోపలి చెయ్యి ఉడికిన రంగులో ఉంది. వేళ్ల కొసలు మాత్రం తెల్లగా ఉన్నాయి. తెల్లగా ఉన్నచోట నొప్పి లేదన్నాడు నాన్న. అది మంచిదే అనుకున్నాం. అమ్మ పైకొచ్చి చూసి, చేతిలో ఉన్న తడి దుప్పటి ఆయన చేతికి చుట్టి, ఆసుపత్రికి తీసుకెళ్లింది. నేను వెనకే పరిగెత్తాను.

డాక్టరమ్మ, అంత కాలుతుంటే చెప్పలేదేమిటండీ అని నాన్నని అడిగింది.

"తెలియలేదమ్మా. ఇస్త్రీ పని కదా, మా వేళ్లకి వేడి తెలియదు," అన్నాడు.

ఆమె నమ్మింది. రాసుకుంది కూడా. ఆయన నా వైపు చూడలేదు. నేను కూడా నిజం చెప్పలేదు. 

నాలుగో రోజుకి చూపుడువేలు, నడిమివేలు నల్లబడ్డాయి. తీసెయ్యాలన్నారు, తీసేశారు. మిగిలిన రెండు వేళ్లూ ఇక వంగవన్నారు.

కానీ నేను చెప్పాల్సింది అది కాదు. ఆయన్ని ఆసుపత్రిలో చేర్చిన మర్నాడు నేను ఇంటికొచ్చి ఆ ఐదు పెచ్చులూ అతికించాను. వాటి లోపల వెంట్రుకలూ, ఒకచోట చర్మం పొరా అంటుకుని ఉన్నాయి. సూదితో జాగ్రత్తగా తీశాను, అచ్చు గీసుకుపోకుండా. సిమెంటు కలిపి పోశాను. గడువు ఆరు రోజులే ఉంది మరి. బట్టలు మార్చుకోవడానికి వచ్చిన అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. నేను చేస్తున్నదేమిటో అర్థం కావడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది.

"ఎద్దు పుండు కాకికి ముద్దని వినడమేనే. నేను కన్న కాకిని ఇప్పుడు చూస్తున్నాను," అంది.

ఆ మాటన్నాక ఆమె నాతో సెలవులయ్యేదాకా మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టేది.

కాలేజీలో ముగ్గురు పెద్దలు బల్ల చుట్టూ తిరిగి చూశారు. సబ్బు తలనీ, కుక్కనీ, పిచ్చుకనీ, చొక్కానీ దాటుకుంటూ వచ్చి సిమెంటు చెయ్యి దగ్గర ఆగిపోయారు. నేను పిడి పట్టుకున్నట్టు వదులుగా వంచమన్న వేళ్లు, ప్లాస్టర్ ఇంకా మెత్తగా ఉన్నప్పుడే కోపంతో బిగుసుకున్నట్టున్నాయి. మా పోట్లాట మొత్తం ఆ కణుపుల్లో ఉంది. ఆ బిగింపు చూసి వాళ్లు పొంగిపోయారు. బయటినుంచి వచ్చిన పెద్దాయన, ఈ చేతిలో ఒక జీవితం ఉందన్నారు. నాకు అందరికన్నా ఎక్కువ మార్కులు వేశారు. నిజం చెబుతున్నాను, నాకు సంతోషం వేసింది. ఆ క్షణంలో నాన్న గుర్తు కూడా రాలేదు.

అందరూ వెళ్లాక మాస్టారు ఒక్కరూ వెనక్కొచ్చారు. చెయ్యిని ఎత్తి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. నాలుగు చోట్ల అతుకులున్నాయి. కణుపుల దగ్గర, చర్మం లేచినచోట, సిమెంటులో బుడిపెలున్నాయి.

"ఎంతసేపు ఉంచావు?" అన్నారు.

"పదిహేను నిమిషాలండి," అని అబద్ధమాడాను.

ఆయన దాన్ని నెమ్మదిగా బల్లమీద పెట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని వెళ్లిపోయారు. ఆ తరవాతి ఏడాది మొత్తం నా బొమ్మలకి మంచి మార్కులే వేశారు. ఒక్కసారి కూడా నా బల్ల దగ్గర ఆగలేదు.

ఫలితం చెప్పడానికి ఇంటికెళ్లాను. కొట్లో బట్టల మూటలు పేరుకుపోయి ఉన్నాయి. నాన్న కుడిచేతికి కట్టుంది. కొత్త బల్ల దగ్గర స్టూలు మీద కూర్చుని ఎడమచేత్తో జేబురుమాళ్లు మడతపెడుతున్నాడు. ఆయన పాత బల్ల దగ్గర ఎవరూ లేరు.

"పాసయ్యావా?"

"అయ్యాను."

"ఏదీ, తెచ్చావా?"

"కాలేజీ ఉంచేసుకుంది నాన్నా. అందరూ చూసేచోట పెడతారట."

ఆయన ఇంకో జేబురుమాలు మడిచాడు. "ఒకమాట అడిగి ఇవ్వాల్సింది," అన్నాడు. "అది నాది కదా."

వెళ్లడానికి ఇంకా నాలుగు రోజులుంది. సంచీ కింద పెట్టి ఆయన పాత బల్ల దగ్గర నిలబడ్డాను. బల్ల మీద ఒక పట్టు చొక్కా ఉంది. పాత ఇస్త్రీపెట్టె ప్లగ్గు గోడలో పెట్టాను. మీట మీద చెయ్యి వేయబోతే వద్దన్నాడు.

"అది అబద్ధాలు చెబుతుంది. వేలు తడుపుకుని అడుగున ఆనించు. తియ్యకు. పట్టుకి సరిపడా ఎక్కినప్పుడు నేను చెబుతాను."

పెట్టెని పక్కకి ఒరిగించి, చూపుడువేలు నాలిక మీద తడిపి ఆనించాను. చల్లగా ఉంది. కాసేపటికి వెచ్చబడింది. నాన్న స్టూలు ముందుకి జరుపుకుని, పెట్టెని కాకుండా నా మొహాన్ని చూస్తూ కూర్చున్నాడు. అమ్మ ఉతుకు గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వేలి తడి ఆరిపోయింది. వేడి గోటికింద నుంచి పైకి పాకుతోంది. చెప్పుల్లో నా కాలివేళ్లు ముడుచుకున్నాయి. ఆయన కళ్లు ఒక్కసారి కిందికి, నా కాళ్ల వైపు వెళ్లి, మళ్లీ నా మొహం మీదికి వచ్చాయి.

ఆయన మాట్లాడలేదు. నేనూ అడగలేదు. ఎంతైనా ఆయన కూతుర్ని.

అడగకుండానే ఆయన లేచి, ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగేశాడు.

"చాలు, సరిపోయింది. చొక్కా పరుచు," అన్నాడు.